నా గురకకు ఎన్ని మందులో

నేను గురక పెడతానని నాకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది. అప్పటికి పెళ్లయి ఇరవై మూడేళ్లు. ఇన్నేళ్లలో ఇంట్లోవాళ్లు గానీ బయటివాళ్లు గానీ ఆ మాట నాతో అనలేదు. గురక మగవాళ్లకుండే జబ్బని, ఆడవాళ్ల వంతు దాన్ని వినడమేనని నేను అనుకునేదాన్ని. స్టాఫ్ రూములో ఎవరైనా మొగుడి గురక గురించి చెప్పుకుని బాధపడితే అందరితో పాటు జాలిపడి, మా ఆయనకు ఆ అలవాటు లేదని కొంచెం గర్వంగా చెప్పేదాన్ని.

ప్రొద్దుటూరులో ఆడపిల్లల హైస్కూల్లో నేను తెలుగు టీచర్ని. ఒక శ్రావణ శనివారం ఆరుగురు టీచర్లం వ్యాను మాట్లాడుకుని గండి ఆంజనేయస్వామి దగ్గరికి పోయాం. మూడు గంటలు వరసలో నిలబడి దర్శనం చేసుకున్నాం. ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తిని, ఎండ తగ్గేదాకా ఆగుదామని సత్రం వరండాలో కొంగులు పరుచుకుని నడుం వాల్చాం. నాకు తల నేలకు ఆనితే చాలు, నిద్ర వచ్చేస్తుంది. దాన్ని కూడా నేను ఒక సుగుణంగానే లెక్కవేసుకునేదాన్ని.

లేచి చూస్తే నా చుట్టూ పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మా వాళ్లు ఐదుగురు. మిగతావాళ్లు ఎవరో నాకు తెలీదు. వాళ్లలో వేంపల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె ఒళ్లో పసిబిడ్డ ఎక్కిళ్లు పెడుతోంది. నాకేదో మూర్ఛ వచ్చిందేమోననుకుని కంగారుగా ఏమైందని అడిగాను.

"ఏంలేదు తల్లీ, బిడ్డ బెదురుకునింది," అంది ముసలామె, నా మీద ఏ కోపమూ లేకుండా.

మా లెక్కల టీచరు ఫోను తీసి నా చెవి దగ్గర పెట్టింది. బోరులో నీళ్లు అడుగంటినప్పుడు మోటారు గాలి పీల్చుకుని తన్నుకుంటుందే, ఆ శబ్దం. గరగరమని లేస్తుంది, పైకి పోతుంది, ఠక్కున ఆగిపోతుంది. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత ఎవరో గొంతు పట్టుకుంటే విడిపించుకున్నట్టు పెద్ద గుటక, మళ్లీ మోటారు. సత్రం వాళ్లు ఆ మోటారును బాగు చేయించుకోవచ్చు కదా అన్నాను. అప్పుడు అందరూ నవ్వారు. తెలియని ఆడవాళ్లు కూడా నవ్వారు. పసిబిడ్డ మళ్లీ ఏడ్చింది.

తిరుగు దారిలో నేను కిటికీ పక్కకు జరిగి కూర్చున్నాను. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించినప్పుడు లెక్కల టీచరు, మీ అక్కచెల్లెళ్లని చూడండి మేడం అంది. నాకు వేరే ఆలోచన ఉంది. మా ఆయన సంగతేమిటి?

మా ఆయన నా మేనత్త కొడుకే. జమ్మలమడుగులో ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. పొద్దున ఎనిమిదింటి బస్సుకు పోయి సాయంత్రం ఆరింటికి వస్తాడు. నెమ్మదైన మనిషి. ఆయనకున్న ఒకే ఒక వింత అలవాటు, పడుకునే ముందు చెవిలో దూది పెట్టుకోవడం. పెళ్లయిన కొత్తలోనే అడిగితే చెవికి చలిగాలి పడదన్నాడు. నేను నమ్మాను. మే నెలలో ప్రొద్దుటూరు ఎండకు గోడలు కూడా కాలుతుంటే, వీపంతా చెమటలు కారుతుంటే, ఆ మనిషి దూది పెట్టుకునేవాడు. ఎంత సున్నితమైన శరీరమో అనుకున్నాను. రెండుసార్లు స్వెట్టరు కూడా కొనిచ్చాను.

ఆ సాయంత్రం ఆయన చొక్కా విప్పుతుండగా అడిగాను.

"బావా, నేను గుర్రు పెడతానా?"

ఆయన చెయ్యి గుండీ దగ్గరే ఆగింది. "ఎవరు చెప్పినారు?" అన్నాడు.

జవాబు దాంట్లోనే దొరికింది. ఇరవై మూడేళ్లు ఎందుకు దాచావని అడిగితే ఆయన చొక్కా పూర్తిగా విప్పి, కొక్కేనికి తగిలించి, నెమ్మదిగా చెప్పాడు.

"చెప్తే ఏం చేసిందువు మే? పండుకోకుండా కూచోనుందువు. నాకేం కష్టం ల్యా. దూది ఉండాది కదా."

కోపం తెచ్చుకోవాలో ఏడవాలో తెలియక లోపలికి పోయి పప్పులో తాలింపు రెండుసార్లు వేశాను. ఆ రోజు నుంచి గురక తగ్గించుకునే వరకు ఊరుకోకూడదని నిశ్చయించుకున్నాను.

మందుల కోసం నేను ఎక్కడికీ పోనక్కరలేకపోయింది. అవే వచ్చాయి. సోమవారం స్టాఫ్ రూములో అడుగు పెట్టేసరికి సంగతి అందరికీ తెలిసిపోయింది. ఒకరు రాత్రిపూట తేనె నాకమన్నారు. ఒకరు పెరుగు మానమన్నారు. రాయలసీమలో పుట్టి పెరుగు మానడం కన్నా గురక పెట్టడమే నయమని ఆమెకు చెప్పాను. డ్రిల్లు టీచరు బుడగలు ఊదమంది, గొంతు కండరాలు గట్టిపడతాయట. రోజుకు ఇరవై చొప్పున ఊదాను. మూడో రోజుకు దవడలు నొప్పి పుట్టి పద్యం చదవలేకపోయాను. ఇల్లంతా బుడగలు చూసి పాలావిడ ఇంట్లో ఎవరి పుట్టినరోజని అడిగింది.

ఆ ఆదివారం పులివెందులలో ఉన్న మా అత్త ఫోను చేసి రమ్మంది. డెబ్బై దాటిన మనిషి, చీనీ, అదే బత్తాయి తోట పక్కనే ఇల్లు, ఇప్పటికీ కూలీలకు తనే పని చెప్తుంది. ఆమె మా ఆయన తల్లి, మా నాయనకు అక్క. పోగానే నేను భయపడుతూ గురక సంగతి ఎత్తితే ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. పెళ్లయిన మూడో రోజే విన్నదట.

"అది మా పుట్టింటి గుర్రు పాపా," అంది. "మా నాయన గుర్రు పెడితే తోటలోకి పందులు వచ్చేటివి కావు. నాకు, మీ నాయనకు వచ్చింది. నీకు వచ్చింది."

నా గురక గురించి ఎవరైనా అలా గౌరవంగా మాట్లాడటం అదే మొదలు. కానీ మందు మాత్రం తప్పదంది. ఆవునెయ్యి గోరువెచ్చగా కాచి ముక్కులో రెండేసి చుక్కలు వెయ్యాలి, వేశాక కాసేపు తల వెనక్కి వాల్చి కదలకుండా పడుకోవాలి. వరండాలో మంచం మీద నన్ను పడుకోబెట్టి, మెడ కింద దిండు పెట్టి, ఇద్దరు కూలి ఆడవాళ్లను చేతులు పట్టుకోమని చెప్పి, తనే దూదివత్తి ముంచి పిండింది. రెండు చుక్కలన్న మనిషి చేతిలో వత్తి జారింది. నెయ్యంతా ఒకే ముక్కులోకి పోయింది. నేను తుమ్మిన తుమ్ముకు పట్టుకున్న ఇద్దరూ చెరోవైపు జరిగారు. అత్త ముఖం మీద, నా చీర మీద, మంచం పట్టీల మీద నెయ్యే. తర్వాత రెండు పూటలు నేను ఏం తిన్నా నేతితో వండినట్టే ఉండింది.

మధ్యాహ్నం భోంచేసి అదే మంచం మీద నిద్రపోయాను. లేచాక తగ్గిందా అత్తా అని ఆశగా అడిగాను. అత్త నిజాయితీ గల మనిషి.

"తగ్గలే. కాకుంటే ముందు గరగర అంటాన్నింది, ఇప్పుడు శానా నున్నగ ఉండాది."

పులివెందుల నుంచి తిరిగొచ్చేసరికి మా పక్కింటి ఆపా కాచుకుని ఉంది. నాకన్నా పదేళ్లు పెద్దది, వీధిలో అందరం ఆపా అనే పిలుస్తాం. ఆమె పెద్ద కొడుకు కువైట్‌లో డ్రైవరు. ఆమె వాడికి ఫోనులో నా సంగతి చెప్పిందట. వాడు ఊరికి వస్తున్న స్నేహితుడి చేత ఒక పొట్లం పంపాడు. నా గురక సముద్రం దాటి పోయి వచ్చిందని తెలిసి నాకు ఎక్కడ దాక్కోవాలో తెలియలేదు. పొట్లంలో నల్లటి పట్టీ ఒకటి ఉంది. గడ్డం కిందినుంచి నడినెత్తి వరకు లాగి బిగిస్తే నోరు తెరుచుకోదు. నోరు తెరుచుకోకపోతే గురక రాదు. అక్కడ అరబ్బులంతా ఇదే కట్టుకుంటారంట టీచరమ్మా అంది ఆపా.

శనివారం మధ్యాహ్నం పట్టీ బిగించుకుని హాల్లో పడుకున్నాను. మొదట బాగానే ఉంది. సరిగ్గా నిద్ర పడుతుండగా వీధి తలుపు కొట్టారు. పట్టీ సంగతి మరిచిపోయి పోయి తీశాను. మా తొమ్మిదో తరగతి పిల్ల తల్లి, బిడ్డకు సెలవు చీటీ ఇవ్వడానికి వచ్చింది. నన్ను చూసి, అయ్యో మేడం, యాడ పడినారు అంది. పడలేదని చెప్పబోయాను. నోరు తెరుచుకోలేదు. పట్టీ పని చేస్తున్నట్టే. నేను చేతులతో ఏదో చెప్పాను, ఆమె ఏదో అర్థం చేసుకుంది. సాయంత్రానికల్లా తెలుగు టీచరు మెట్ల మీద పడి దవడ ఎముక విరిగిందని మైదుకూరు రోడ్డు దాకా పాకింది. ఇద్దరు లవంగనూనె తెచ్చారు, ఒకామె జావ కాచి తెచ్చింది. జావ బాగుంది. గురకకు మాత్రం నోటితో పని లేదట. ముక్కుతోనే పెడుతున్నానని ఆదివారం పొద్దున మా ఆయన, అడిగితేనే, చెప్పాడు.

అప్పటికి నేను గమనించిన సంగతి ఒకటుంది. ప్రతి మందూ ఇచ్చినవాళ్లకు ఆ మందు మీద భక్తి. వేరేవాళ్లది వాడుతున్నానని తెలిస్తే నొచ్చుకుంటారు. అత్తకు పట్టీ సంగతి తెలిసి, దూడకు చిక్కం కట్టినట్టు కట్టినారా అని ఫోనులో అడిగింది. ఆపాకు నెయ్యి సంగతి తెలిసి, ముక్కు ఏమన్నా దీపమా అంది. ఇద్దరికీ మీ మందే వాడుతున్నానని చెప్పడానికి నేను అలవాటు పడ్డాను.

ఆ తర్వాత లెక్కల టీచరు బంతి సంగతి చెప్పింది. వెల్లకిలా పడుకుంటేనే గురక వస్తుందని, వీపు మీద జేబు కుట్టించి అందులో బంతి పెట్టుకుంటే వెల్లకిలా పడుకోలేమని ఎక్కడో చూసిందట. లెక్కల మనిషి చెప్పింది కాబట్టి నాకు నమ్మకం కుదిరింది. నైటీ తీసుకుని మా దర్జీ దగ్గరికి పోయాను. పదిహేనేళ్లుగా నా జాకెట్లు కుడుతున్న మనిషి. షాపులో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. వీపు మీద ఒక జేబు కావాలని గొంతు తగ్గించి చెప్పాను.

"వీపు మీద జేబా?" అన్నాడు, గొంతు తగ్గించకుండా. "ముందర పెడతా, పక్కన పెడతా. వీపు మీద పెడితే మీ చెయ్యి ఎట్ల పోతాది టీచరమ్మా?"

చెయ్యి పోనక్కరలేదు, బంతి పెట్టాలని చెప్పాను. ముగ్గురు ఆడవాళ్లూ నావైపు తిరిగారు. స్కూల్లో నాటకం వేస్తున్నామని నోటికి వచ్చిన అబద్ధం చెప్పాను. ఏం వేషమని అడిగాడు. గూని ముసల్ది అన్నాను. దర్జీ ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు తనూ నాటకాలకు బట్టలు కుట్టేవాడట. పని శ్రద్ధగా చేస్తానని మాటిచ్చాడు.

మాట నిలబెట్టుకున్నాడు. రెండు రోజుల తర్వాత నైటీ తెచ్చి చూస్తే వీపు మీద జేబు కాదు, గుమ్మడికాయంత గూని ఉంది. లోపల దూది కుక్కి, పైన లైనింగు వేసి, ఎంత పడుకున్నా అణగకుండా గట్టిగా కుట్టాడు. బంతి అవసరం లేదమ్మా అని సంతోషంగా చెప్పాడు. నాటకం ఎప్పుడో చెబితే వచ్చి చూస్తానన్నాడు. అది వేసుకుని రెండు రాత్రులు పక్కకు తిరిగి పడుకున్నాను. గురక నిజంగా కొంచెం తగ్గిందని మా ఆయన అన్నాడు. కానీ నా కుడి భుజం పట్టేసి నల్లబల్ల మీద చెయ్యి పైకి లేవలేదు. వారం రోజులు పాఠాలన్నీ బల్ల కింది సగంలోనే రాశాను. దర్జీ మాత్రం కనిపించినప్పుడల్లా నాటకం సంగతి అడిగేవాడు. పరీక్షలొచ్చి వాయిదా పడిందని చెప్తూ వచ్చాను.

ఇక చాలనుకుంటున్న రోజుల్లో మా ఆయనే ఒక మాట తెచ్చాడు. జమ్మలమడుగులో ఒక పెద్ద వయసు నాటువైద్యుడు ఉన్నాడు, ఆఫీసులో ఇద్దరు ముగ్గురికి ఆయాసం తగ్గించాడు, చూపిద్దామా అన్నాడు. ఆయన తనంతట తాను ఏదీ అడిగే మనిషి కాదు. అందుకని సరేనన్నాను. ఒక రెండో శనివారం బస్సెక్కాం.

వైద్యుడిది చిన్న పెంకుటిల్లు. ముందు వసారాలో బెంచీ మీద ఏడెనిమిది మంది రోగులు. లోపల సీసాలు, ఎండబెట్టిన వేర్లు, నూరిన పొడి వాసన. సన్నగా, తెల్ల గడ్డంతో ఉన్న వైద్యుడు నాడి పట్టుకున్నాడు, నాలుక చూశాడు, ఏం తింటానో అడిగాడు. తర్వాత, గుర్రు వినకుండా మందు ఎట్లా ఇచ్చేదమ్మా, ఈడనే ఒక్క గడియ పండుకో అన్నాడు.

పట్టపగలు, పరాయి ఇంట్లో, ఎనిమిదిమంది ముందర. నిద్ర ఎలా వస్తుందని మా ఆయన్ని అడిగాను. మా ఇద్దరికీ తెలుసు, వస్తుందని. గోడవారగా చాప వేశారు. కొంగు కప్పుకుని పడుకున్నాను. రోగుల దగ్గులు వినిపించాయి. ఎవరో, పాపం టీచరంట అన్నారు. అంతే గుర్తుంది.

లేచేసరికి వసారాలో ఎవరూ మాట్లాడటం లేదు. నవ్వడం కూడా లేదు. వైద్యుడు నా పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు, చేతి వేళ్లు ముడుచుకుని. ఆయన నాతో కాకుండా మా ఆయనతో మాట్లాడాడు.

"మధ్యలో గాలి ఆగిపోతాంది. నేను వేళ్లు లెక్కబెట్టినా. ఇది నీకు తెల్సునా అప్పా?"

"తెల్సు," అన్నాడు మా ఆయన.

"ఎన్నాళ్లుగా?"

మా ఆయన నేల వైపు చూస్తూ, నాలుగైదేళ్లుగా ఎక్కువైందని చెప్పాడు. ముందు వట్టి గురకే ఉండేదట. ఇప్పుడు మధ్యలో ఆగుతుంది. ఆగినప్పుడు కాసేపు చూసి, రాకపోతే కాలితో నా కాలు తడతాడట. నేను గుటక వేసి మళ్లీ మొదలుపెడతానట.

"రెండు చెవులకూ దూది పెట్టుకుంటే వినపడదని ఒక చెవికే పెడతాండా," అన్నాడు.

వసారాలో ఒకామె ముక్కు చీదుకుంది. నేను చాప మీద కూర్చుని కొంగు సర్దుకుంటూ ఉండిపోయాను. ఏళ్ల తరబడి నిద్రలో నా కాలికి ఏదో తగులుతుందని నాకు తెలుసు. మనిషి కుదురుగా పడుకోడని విసుక్కునేదాన్ని. మంచం మధ్యలో దిండు కూడా అడ్డం పెట్టాను.

వైద్యుడు మందు ఇవ్వలేదు. దీనికి నా దగ్గర పొడి లేదు తల్లీ, ప్రొద్దుటూరులో చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి పో, ఆలస్యం చేయొద్దు అన్నాడు. నేను ఇచ్చిన దక్షిణ కూడా తీసుకోలేదు. అన్ని మందుల్లోకి నాకు పనికొచ్చిన మందు ఆయన ఇవ్వకుండా పంపిందే.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నాకెందుకు చెప్పలేదని మళ్లీ అడగబోయి ఆగాను. దానికి బదులు, నీకు నిద్ర ఎట్లా బావా అన్నాను. ఆఫీసులో మధ్యాహ్నం ఫైళ్ల మీద తల పెట్టుకుని ఒక కునుకు తీస్తానని చెప్పాడు. ఆ ఆఫీసులో పని ఎందుకు కాదో జమ్మలమడుగు జనానికి కారణం దొరికిందని నేనన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ప్రొద్దుటూరు డాక్టరు నడివయసు మనిషి, తొందర లేకుండా మాట్లాడాడు. పొద్దున లేచేసరికి తలనొప్పి ఉంటుందా, పగలు కునికిపాట్లు వస్తాయా, ఊరికే కోపం వస్తుందా అని అడిగాడు. అన్నిటికీ అవునన్నాను. తలనొప్పి దిద్దుబాటు పుస్తకాల వల్లనని, కునుకు స్కూలు వేడి వల్లనని, కోపం మా ఆయన వల్లనని అప్పటిదాకా అనుకుంటున్నాను. ఒక రాత్రి వేలికి, ఛాతీకి తీగలు తగిలించుకుని ఇంట్లోనే పడుకోమని చిన్న పెట్టె ఇచ్చాడు. మర్నాడు ఆ పెట్టెలో నమోదైన లెక్కలు చూసి గొంతు వెనక దారి మూసుకుపోతోందని, ఒళ్లు తగ్గాలని చెప్పాడు. అది కాక రెండు దారులున్నాయన్నాడు. గొంతులో ఆపరేషన్, లేకపోతే ముక్కు మీద మాస్కు పెట్టి గాలి నెట్టే మిషను. వారం ఆలోచించుకుని రమ్మన్నాడు.

ఆ వారం మా ఇల్లు ఎన్నికల కార్యాలయంలా ఉండింది. అత్త ఆపరేషన్ వద్దంది, మిషనూ వద్దంది, నెయ్యి ఇంకో మండలం రోజులు వెయ్యమంది. ఆపా మిషను మంచిదంది, కువైట్‌లో తన కొడుకు యజమాని అదే పెట్టుకుంటాడట. మొన్న పట్టీ కట్టుకుంటారన్నావు కదా ఆపా అంటే, పట్టీ పేదోళ్లకు అంది. లెక్కల టీచరు ఆపరేషన్ అంటే ఒక్కసారితో పోతుంది, మిషను జన్మంతా మొయ్యాలి అని లెక్క చెప్పింది. డ్రిల్లు టీచరు బుడగలు ఎందుకు ఆపావని నిష్టూరమాడింది. మా ఆయన మాత్రం ఎంత అడిగినా నీ ఇష్టమే అన్నాడు.

వారం తర్వాత పోయి డాక్టర్ని ఒకటే అడిగాను. మీ ఇంట్లో ఆమెకు ఇట్లా ఉంటే ఏం చేయిస్తారని. ఆయన పెన్ను మూత పెట్టి, మా ఆవిడకు లేదమ్మా, నాకు ఉంది అన్నాడు. నేను మిషనే పెట్టుకుంటాను, ఆపరేషన్ నీకు పనిచేస్తుందని గట్టిగా చెప్పలేను, మిషను పెట్టుకున్నంతసేపూ పనిచేస్తుంది అన్నాడు. చెప్పలేను అన్న మాట నాకు నచ్చింది. అంతకుముందు మందు చెప్పినవాళ్లలో జమ్మలమడుగు వైద్యుడు తప్ప ఎవరూ ఆ మాట అనలేదు. మిషనే ఇవ్వమన్నాను.

మొదటి పది రోజులు సుఖంగా గడవలేదు. గొట్టం, మాస్కు, తలచుట్టూ పట్టీలతో అద్దంలో చూసుకుంటే వినాయకుడు చవితి కాకుండానే వచ్చినట్టున్నాను. పొద్దున లేచేసరికి మాస్కు మంచం కింద ఉండేది. నేనే నిద్రలో పీకి పారేస్తున్నాను. పగలు మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకుని అలవాటు చేసుకోమని డాక్టరు చెప్పాడు. సాయంత్రం మాస్కు తగిలించుకుని, గాలి పీలుస్తూ వదులుతూ, పదో తరగతి వ్యాసాలు దిద్దేదాన్ని. పార్సిలు తెచ్చిన మనిషి కిటికీలోంచి చూసి సంతకం కూడా అడక్కుండా గడప మీద పెట్టి పోయాడు. ఆపా వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఎంత సీరియస్ అయినా దేవుడున్నాడు టీచరమ్మా అంది.

అత్త పులివెందుల నుంచి ప్రత్యేకంగా మిషను చూడటానికి వచ్చింది. ఇది ఆస్పత్రిలో పోయే ముందు పెట్టేది పాపా, ఇంట్లో పెట్టకూడదు అని వాదించింది. మధ్యాహ్నం నేను వంటింట్లో ఉండగా, ఎట్లుంటాదో చూస్తానని మాస్కు అడిగింది. మా ఆయన తగిలించి మీట నొక్కాడు. పది నిమిషాల తర్వాత హాల్లోకి వస్తే అత్త మంచం మీద వెల్లకిలా, చేతులు ఛాతీ మీద పెట్టుకుని, చప్పుడు లేకుండా నిద్రపోతోంది. ఆమె పుట్టింటి గురక ఆ ఒక్క మధ్యాహ్నం వినపడలేదు. గంటన్నర తర్వాత లేచింది. నిద్ర బాగా పట్టిందా అత్తా అంటే, నేను పండుకున్యా? కండ్లు మూసుకోని చూస్తాన్యా అంతే, అంది. మాస్కు వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాను. సాయంత్రం బస్సెక్కేముందు, అది పులివెందులలో గూడా దొరుకుతాదా అని మా ఆయన్ని పక్కకు పిలిచి అడిగిందట. దొరుకుతుంది, ముందు డాక్టరుకు చూపించుకోవాలన్నాడట ఈయన. అయితే వద్దులే అందట.

మూడో వారానికి మాస్కు నా ముఖానికి అలవాటైంది. ఒక పొద్దున లేచి కాఫీ కలుపుతుంటే ఏదో లోటుగా తోచింది. కాసేపటికి తెలిసింది, తలనొప్పి లేదు. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడులో సమాసాలు చెప్తూ ఒక్కసారి కూడా ఆవలించలేదు. నాకు పుట్టుకతోనే కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు, నేనూ అనుకున్నాను. ఆ నెలలో మా ఆయన గ్యాసు కట్టెయ్యకుండా బయటికి పోతే, నేను అరవకుండా పోయి కట్టేసి వచ్చాను. ఆయన అది చూసి, ఒంట్లో బాగలేదా అని అడిగాడు.

డ్రిల్లు టీచరుతో పాటు ఇప్పుడు రోజూ పొద్దున గ్రౌండులో నాలుగు చుట్లు నడుస్తున్నాను. ఒళ్లు కొంచెం తగ్గింది. కొంచెమే. కరెంటు పోతే ఇబ్బంది కాబట్టి ఇన్వర్టరు పెట్టించుకున్నాం. ఊరికి పోయినప్పుడల్లా మిషను సంచి భుజాన వేసుకుంటాను. కండక్టర్లు ల్యాప్‌టాప్ అనుకుని గౌరవంగా చూస్తారు.

ఊళ్లో సంగతి పాకింది కాబట్టి ఇప్పుడు నా దగ్గరికి మనుషులు వస్తున్నారు. మగవాళ్ల కోసం వచ్చే ఆడవాళ్లు నేరుగా అడుగుతారు, నవ్వుతారు, మొగుళ్ల గురకను అనుకరించి చూపిస్తారు. వేరే రకం వాళ్లు కూడా వస్తారు. మొన్న ఒక చీరల కొట్లో పనిచేసే ఆమె వచ్చింది, నలభై ఏళ్లుంటాయి. వాళ్ల ఆడబిడ్డకు గురక ఉందని, పాపం ఎవరికీ చెప్పుకోలేకపోతోందని అంది. డాక్టరు ఎక్కడ ఉంటాడు, పరీక్ష ఎలా చేస్తారు అన్నీ అడిగింది. నేను చెప్పాను. మిషను తెచ్చి చూపించాను. ఆమె మాస్కు చేతిలోకి తీసుకుని అటూఇటూ తిప్పింది. తన ముక్కును వేలితో మెల్లగా తాకి చూసుకుంది.

"ఈడ నొప్పి ఉండదా అక్కా?" అంది.

మొదట్లో కొంచెం ఒరుసుకుంటుంది, తర్వాత తెలియదు, పట్టీ మరీ బిగించకూడదు అని చెప్పాను. కాగితం మీద డాక్టరు ఉండే వీధి రాసిచ్చాను. మీ ఆడబిడ్డను ఈ వారంలోనే పోయి రమ్మను, ఒంటరిగా భయమేస్తే నేను కూడా వస్తానని చెప్పు అన్నాను. చెప్తానంది. చెప్పులు వేసుకుంటూ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, జాకెట్లో దోపుకుంది.